రింగులో జాతి వేషాలు: నవ్వి ఊరుకోదగినవేనా?

2025 ఏప్రిల్ నుంచి డబ్ల్యూడబ్ల్యూఈ కుస్తీ మన దేశంలో నెట్‌ఫ్లిక్స్‌లో వస్తోంది. అంతకుముందు ఏళ్ల తరబడి కేబుల్ టీవీలో వచ్చింది. ఇప్పుడు ముప్పై, నలభై ఏళ్ల వయసులో ఉన్న మన సంఘ సభ్యుల్లో చాలామంది చిన్నప్పుడు ఆ మల్లుల బొమ్మలున్న ట్రంప్ కార్డులతో ఆడుకున్నవారే. ఎత్తెంత, బరువెంత, ఛాతీ ఎంత, ర్యాంకు ఎంత అని అన్నదమ్ములు పోట్లాడుకున్నవారే. 2023 సెప్టెంబరు 8న హైదరాబాదు గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో ఆ కంపెనీ ప్రదర్శన జరిగింది. జాన్ సీనాను కళ్లారా చూడాలని వచ్చినవారిలో మన యౌవనస్థులు కూడా ఉండే ఉంటారు. కనుక ఇది అమెరికావాళ్ల గొడవ, మనకెందుకు అని పక్కన పెట్టడానికి వీల్లేదు.

ఆ కుస్తీని చూసేవారి మధ్య ఏనాటి నుంచో తెగని వాదన ఒకటి ఉంది. అరబ్బు వేషం వేసిన విలన్, ఈటె పట్టిన ఆఫ్రికా 'అడవి మనిషి', ఉప్పు చల్లే జపాను మోసగాడు, తలపాగా చుట్టిన భారతీయ దురహంకారి: ఈ పాత్రలు ఆయా జాతులను అవమానిస్తున్నాయా, లేక ఎవరికీ హాని చేయని సరదా వేషాలేనా? "అదంతా నాటకమని చిన్నపిల్లాడికి కూడా తెలుసు, దానికింత రాద్ధాంతమా?" అని ఒకరంటారు. "నా జాతిని చూపించి జనం చేత ఛీ కొట్టిస్తుంటే నేను నవ్వాలా?" అని మరొకరంటారు. ఇద్దరి మాటలోనూ సత్యం ఉంది. అయితే ఈ సంపాదకీయం రెండో పక్షాన నిలబడుతుంది. ఎందుకో చెప్పే ముందు ఆ వ్యాపారం నడిచే తీరు చూడాలి.

1989లో ఈ కంపెనీ ప్రతినిధులు అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్ర సెనేటుకు ఒక సంగతి తెలియజేశారు. తమది పోటీ కాదని, ముందే నిర్ణయించిన వినోదమని. క్రీడల నియంత్రణ సంఘం రుసుములు, నిబంధనలు తప్పించుకోవడానికి చేసిన పని అది. స్పోర్ట్స్ ఎంటర్‌టైన్‌మెంట్, అంటే క్రీడా వినోదం, అనే మాట అప్పటి నుంచే బాగా ప్రచారంలోకి వచ్చింది. ఎవరు గెలవాలి, ఎవరు ఓడాలి, ఎవరు ఎవరిని ఏమని తిట్టాలి, ఇవన్నీ రచయితలు రాసిపెడతారు. ఒళ్లు హూనం కావడం మాత్రం నిజం. క్రికెట్టులో ఒక ఆటగాడు కోపంలో నోరు జారితే అది అతని తప్పు. ఇక్కడ నోరు జారడమనేదే లేదు. ప్రతి మాటనూ ఎవరో కూర్చుని, ఆలోచించి, ఇది జనానికి ఎక్కుతుందని లెక్కవేసి ఆమోదించారు. "ఇదంతా కథే కదా" అనేవారు అది క్షమాపణకు కారణమని అనుకుంటారు. నాకైతే అది బాధ్యతను పెంచే కారణంగా కనబడుతుంది.

ఈ కథలకు విలన్ కావాలి. వాళ్ల పరిభాషలో విలన్‌ను 'హీల్' అంటారు. ఒక మనిషి ఎందుకు చెడ్డవాడో చెప్పడానికి సమయం పడుతుంది. పది నిమిషాల పోటీలో అంత తీరిక ఎక్కడిది? అందుకే దగ్గరి దారి తొక్కారు. ఆ రోజుల్లో అమెరికా ఎవరితో శత్రుత్వంగా ఉంటే వాళ్ల జెండా ఒకటి చేతికిచ్చి రింగులోకి పంపడమే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మన్లు, జపనీయులు వచ్చారు. తర్వాత రష్యావాళ్లు, ఆ తర్వాత ఇరాన్‌వాళ్లు, ఇరాక్‌వాళ్లు, అరబ్బులు. వార్తాపత్రిక మొదటి పేజీ మారినప్పుడల్లా విలన్ జెండా మారింది.

అసలు విడ్డూరం ఆ జెండా పట్టుకున్నది ఎవరో చూస్తే తెలుస్తుంది. నాజీ జర్మన్‌గా పేరు మోసిన ఫ్రిట్జ్ వాన్ ఎరిక్ టెక్సస్ రాష్ట్రంలో పుట్టిన అమెరికన్, అసలు పేరు జాక్ ఆడ్కిసన్. 1971లో బ్రూనో సమ్మార్టినోను ఓడించి న్యూయార్క్ జనాన్ని నిశ్చేష్టులను చేసిన 'రష్యన్ ఎలుగుబంటి' ఐవాన్ కోలోఫ్ కెనడావాడు. (ఆయన తర్వాతి కాలంలో క్రీస్తును అంగీకరించి సాక్ష్యమిస్తూ తిరిగారు.) పోటీకి ముందు సోవియట్ జాతీయ గీతం పాడి జనాన్ని రెచ్చగొట్టిన నికోలాయ్ వోల్కాఫ్ క్రొయేషియావాడు. జపాను సుమో వీరుడిగా కనిపించిన యోకోజునా సమోవా సంతతివాడు, పుట్టింది శాన్‌ఫ్రాన్సిస్కోలో. ఒక జాతి పేరుతో వేసే ఈ వేషానికి ఆ జాతి మనిషి కూడా అక్కర్లేదు. చూసేవాడి తలలో ఆ జాతి గురించి ముందే ఉన్న బొమ్మ చాలు.

'ది షేక్' అనే మల్లుడి సంగతి మన పాఠకులకు మరింత వింతగా తోస్తుంది. తలకు అరబ్బు వస్త్రం చుట్టుకుని వచ్చి, పోటీకి ముందు రింగులో చాప పరచి, ముస్లిములు నమాజు చేసినట్టు మోకరించేవాడు. ఆ తర్వాత పదునైన వస్తువుతో ఎదుటివాడి నుదురు చీల్చేవాడు. ఆయన అసలు పేరు ఎడ్ ఫర్హాత్. మిషిగన్ రాష్ట్రం లాన్సింగ్‌లో పుట్టాడు. లెబనాన్ ప్రాంతం నుంచి వలస వచ్చిన మారొనైట్ క్రైస్తవ కుటుంబం. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. అంటే అపొస్తలుల కాలం నుంచి సువార్త నిలిచిన నేల నుంచి వచ్చిన ఒక క్రైస్తవుడు, పరాయి మతస్థుల ప్రార్థనను హేళనగా అభినయించి, తన సొంత జాతి మీద జనాన్ని ఉసిగొల్పి పొట్టపోసుకున్నాడు. టికెట్టు కొన్నవాళ్లకు అరబ్బుల్లో క్రైస్తవులు ఉంటారన్న ఊహే రాలేదు. ఆ వేషం చేసిన పని అదే.

ఇక 'ఐరన్ షేక్'. హుస్సేన్ ఖొస్రో అలీ వజీరి ఇరాన్‌లో పుట్టిన నిజమైన మల్లయోధుడు. అమెరికాకు వలస వచ్చి 1971లో అక్కడి జాతీయ గ్రీకో-రోమన్ పోటీల్లో గెలిచాడు. అమెరికా ఒలింపిక్ జట్టుకు సహాయ శిక్షకుడిగానూ పనిచేశాడు. 1979లో టెహ్రాన్‌లో అమెరికా దౌత్య కార్యాలయాన్ని ఆక్రమించి, 52 మందిని 444 రోజులు బందీలుగా ఉంచిన తర్వాత, ఇరాన్ అన్న మాట వింటేనే అమెరికావాళ్ల రక్తం మరిగేది. ఆ కోపమే ఆయనకు వేషం అయింది. 1983 డిసెంబరులో బాబ్ బ్యాక్‌లండ్‌ను ఓడించి చాంపియన్ అయ్యాడు. నెల తిరగకుండానే, 1984 జనవరి 23న, హల్క్ హొగన్ ఆయన్ను ఓడించాడు. హొగన్ పిచ్చి మొదలైన రాత్రి అది. అమెరికాకు పతకాలు తెచ్చే కుర్రాళ్లను తయారుచేసిన మనిషి, అమెరికాను ద్వేషించే మనిషిగా కోట్లమంది జ్ఞాపకంలో మిగిలిపోయాడు.

అంతటితో ఆగలేదు. 1991లో గల్ఫ్ యుద్ధం వచ్చింది. కంపెనీకి ఇప్పుడు ఇరాన్ విలన్ అవసరం లేదు, ఇరాక్ విలన్ కావాలి. అదే వజీరికి సైనిక దుస్తులు తొడిగి 'కర్నల్ ముస్తఫా' అని పేరు పెట్టి ఇరాకీయుడిగా దింపారు. ఇరాన్, ఇరాక్ 1980 నుంచి 1988 వరకు ఒకరినొకరు చంపుకున్న దేశాలు. లక్షలమంది ఆ యుద్ధంలో పోయారు. యుద్ధం ముగిసి మూడేళ్లయినా కాకముందే ఒక ఇరానీయుడి చేత ఇరాక్ పక్షాన కవాతు చేయించారు. హాలులో ఉన్నవాళ్లలో ఎవరికీ అది వింతగా తోచలేదు. ఎలా తోస్తుంది? వాళ్లకు ఇద్దరూ ఒకటే.

'ఉగాండా భీముడు' కమలా వేషం వీటన్నిటికంటె నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. 1982లో మెంఫిస్‌లో తయారుచేసిన పాత్ర ఇది. ముఖానికి, ఛాతీకి రంగులు, నడుముకు చిరుతపులి చర్మంలాంటి గుడ్డ, చేతిలో ఈటె, కాళ్లకు చెప్పులుండవు. మాట రాదు, కేకలు మాత్రమే. అతన్ని అదుపు చేయడానికి ముసుగు వేసుకున్న కాపలావాడొకడు. ఎదుటివాడిని నేలమీద అదిమి పట్టాలంటే వెల్లకిలా పడుకోబెట్టాలన్న సంగతి కూడా తెలియనివాడిలా బోర్లా పడవేసి నిలబడేవాడు, జనం నవ్వేవారు. ఆ వేషం వెనకున్న జేమ్స్ హారిస్ మిసిసిపీ రాష్ట్రపు నల్లజాతి బిడ్డ, లారీ నడిపి బతికినవాడు. తనకు దక్కవలసిన డబ్బు దక్కలేదని తర్వాత చెప్పుకున్నాడు. మధుమేహం వల్ల రెండు కాళ్లూ పోగొట్టుకుని 2020 ఆగస్టులో కోవిడ్‌తో కన్నుమూశాడు.

ఆ వేషం పుట్టడానికి ఐదేళ్ల ముందు, 1977 ఫిబ్రవరిలో, ఉగాండాలో ఏం జరిగిందో మన పెద్దల్లో కొందరికి గుర్తుండవచ్చు. ఈదీ అమీన్ హత్యాకాండను ఎదిరించి మాట్లాడినందుకు ఆంగ్లికన్ ఆర్చిబిషప్ జనానీ లువుమ్‌ను చంపించారు. కారు ప్రమాదమని బొంకారు. తూర్పు ఆఫ్రికా ఉజ్జీవంలో మారుమనస్సు పొందిన బడిపంతులు ఆయన, ఆ తర్వాత కాపరి అయ్యాడు. ఉగాండా జనంలో అత్యధికులు క్రైస్తవులు. ఆ దేశానికి లువుమ్ ముఖం ఉంది, అలాంటి ముఖాలు వేలకొలది ఉన్నాయి. అమెరికాలో టీవీ చూసిన పిల్లవాడికి మాత్రం ఉగాండా అంటే మాట రాని రంగుల మనిషి. ఆ పిల్లవాడు పెద్దయ్యాక ఉగాండా నుంచి వచ్చిన పొరుగువాడిని చూస్తే మొదట ఏ బొమ్మ మెదులుతుంది?

ఇక్కడ ఎదుటి వాదాన్ని న్యాయంగా వినాలి. వేషం కట్టి నవ్వించడం మన నేలకు కొత్త కాదు. పగటి వేషగాళ్లు ఊరూరా తిరిగి సోమయాజులు, సోమిదేవమ్మ, కోమటి, ఫకీరు వేషాలు కట్టేవారు. కులాల నడక, యాస, పిసినారితనం, డాంబికం, అన్నిటినీ ఎత్తి చూపేవారు. జనం పడి పడి నవ్వేవారు. అందులోనూ కులాన్ని ఒకే మూసలో పోయడం ఉంది, కాదనను. కాని రెండు తేడాలున్నాయి. ఊళ్లో పెద్దరికం ఉన్న కులాలకు కూడా ఆ వేళాకోళం తప్పేది కాదు. రెండోది, ఎవరి వేషం కట్టారో ఆ మనిషి ఆ వీధి అరుగు మీదే కూర్చుని చూసేవాడు. వేషగాడు చివరి రోజు అతని గుమ్మం దగ్గరకు కూడా వెళ్లి సంభావన అడగాలి. ఆ గుమ్మం గుర్తుండడం వల్ల నాలుకకు ఒక అదుపు ఉండేది. కమలాను చూసి నవ్విన హాలులో ఉగాండావాడు లేడు. ఉన్నా అతన్ని అడిగేవారు లేరు.

ఇంకొక మాట కూడా అంటారు. ఆ మల్లులే ఇష్టపడి ఆ వేషాలు వేశారు, డబ్బు సంపాదించారు, కొందరు తమ వేషాన్ని గర్వంగా చెప్పుకున్నారు అని. నిజమే. ఎడ్డీ గెరెరో ఉదాహరణ ఉంది. మెక్సికో సంతతివాడు. అబద్ధం, మోసం, దొంగతనం తన కుటుంబానికి అలవాటని పాటలో చెప్పుకుంటూ రింగులోకి వచ్చేవాడు. మెక్సికన్లంటే దొంగలన్న పాత అపవాదే అది. అయినా తన చమత్కారంతో, పనితనంతో దాన్ని జనం ప్రేమించే పాత్రగా మార్చేశాడు. 2004 ఫిబ్రవరిలో బ్రాక్ లెస్నర్‌ను ఓడించి చాంపియన్ అయినప్పుడు మెక్సికన్ కుటుంబాలు కన్నీళ్లు పెట్టుకున్నాయి. మత్తుకు బానిసై, ప్రభువును తెలుసుకుని లేచిన మనిషిగా కూడా ఆయన కథ చాలామందికి తెలుసు. 2005 నవంబరులో 38 ఏళ్లకే చనిపోయాడు. గెరెరో గొప్పతనాన్ని కాదనలేం. కాని అదే 2005లో అదే కంపెనీ మరి ముగ్గురు మెక్సికన్ మల్లులను గడ్డి కోసే యంత్రాల మీద కూర్చోబెట్టి తోటమాలుల్లా రింగు దగ్గరకు పంపింది. గెరెరో లాంటి ప్రతిభావంతుడు ఒక అపవాదును మోసి గెలిచాడంటే మెచ్చుకోవలసింది అతన్ని, ఆ అపవాదు రాసినవారిని కాదు.

2005 జూలై సంగతికి వద్దాం. మహమ్మద్ హసన్ అనే పాత్ర అంతకు కొన్ని నెలల ముందు వచ్చింది. ఆ పాత్ర మొదట చెప్పిన మాటలు ఒకసారి ఆలోచించదగినవి. నేను అమెరికాలో పుట్టిన అమెరికన్‌ను, 2001 సెప్టెంబరు 11 తర్వాత నన్ను చూసే చూపులు మారాయి, నా తప్పేమీ లేకుండా నన్ను అనుమానిస్తున్నారు అన్నది దాని సారాంశం. అందులో అబద్ధం ఏముంది? విమానాశ్రయాల్లో మన తెలుగువాళ్లు కూడా అనుభవించిన సంగతే. సెప్టెంబరు 11 జరిగిన నాలుగు రోజులకే అరిజోనాలో తలపాగా చూసి ఒక సిక్కు సోదరుడిని కాల్చి చంపారు. అయితే ఆ సత్యాన్ని రచయితలు విలన్ నోట పెట్టారు. అన్యాయం జరిగిందని అతను చెబుతుంటే "యూఎస్ఏ, యూఎస్ఏ" అని జనం అరవాలి, అదీ కథనం. ఒక జాతిని హేళన చేయడం ఒక మెట్టు. ఆ జాతి గోడునే హేళన చేయించడం దానికంటె కింది మెట్టు.

జూలై 4న చిత్రీకరించిన కార్యక్రమంలో హసన్ ప్రార్థన చేస్తున్నట్టు మోకరించగానే ముసుగులు ధరించిన మనుషులు వచ్చి అండర్‌టేకర్‌ను తీగతో గొంతు బిగించారు. తర్వాత హసన్ సహచరుడిని అమరవీరుడిలా తలల పైకెత్తి మోసుకుపోయారు. అది అమెరికాలో ప్రసారమైన రోజు జూలై 7. ఆ ఉదయమే లండన్ రైళ్లలో, బస్సులో బాంబులు పేలి 52 మంది అమాయకులు చనిపోయారు. తెర కింద హెచ్చరిక వేసి మరీ ఆ కార్యక్రమం ప్రసారం చేశారు. గగ్గోలు పుట్టింది. టీవీ సంస్థ ఆ పాత్ర తమ తెర మీద కనబడకూడదంది. ఆ నెలాఖరులోగా హసన్ కథ ముగించారు. ఆ వేషం వేసిన మార్క్ కోపానీ ఇటలీ సంతతి అమెరికన్. అరబ్బు కాదు. తర్వాత కుస్తీ వదిలి చదువుకుని బడిలో ఉపాధ్యాయుడు, ఆపైన ప్రిన్సిపల్ అయ్యాడు.

ఆ రోజు లండన్‌లో బాంబులు పేలకపోయి ఉంటే ఏమయ్యేది? ఆ దృశ్యం మరొక వారపు వినోదంగా గడిచిపోయేది. దాన్ని తప్పుగా చూపించింది కాలం కలిసిరాకపోవడమే, మనస్సాక్షి కాదు.

పక్షపాతాన్ని కథలో చూపించడమే తప్పని నా ఉద్దేశం కాదు. ఆ పక్షపాతానికి చివరికి ఏమవుతుంది, కథ ఎవరిని గెలిపిస్తుంది అన్నది అడగాలి. యేసు ప్రభువు చెప్పిన సమరయుని ఉపమానం వింటున్న యూదులకు సమరయుడంటే సరిపడదు. నేటి మాటల్లో చెప్పాలంటే ఆ సభలో సమరయుడే 'హీల్'. వాళ్లు ఛీ కొట్టడానికి సిద్ధంగా ఉన్న మనిషినే ప్రభువు తెచ్చి గాయపడినవాడి పక్కన మోకాళ్లూనించాడు. యాజకుడు, లేవీయుడు పక్కగా పోయారు. వినేవాడి దురభిప్రాయాన్ని వాడుకోవడం రెండు విధాలుగా చేయవచ్చు, దాన్ని పోషించడానికి లేదా దాన్ని బోర్లా పడవేయడానికి.

రింగులో అలాంటి అవకాశం ఒకసారి చక్కగా కుదిరింది. 2003లో నల్లజాతి మల్లుడు బుకర్ టీ చాంపియన్‌షిప్ కోసం ట్రిపుల్ హెచ్‌తో తలపడాలి. నీలాంటివాళ్లు చాంపియన్లు కాలేరు అనే అర్థం వచ్చే మాటలు ట్రిపుల్ హెచ్ చేత పలికించారు. వెకిలిగా అతని జుట్టు గురించి కూడా మాట్లాడించారు. చూసేవారంతా దానికి ఒకే ముగింపు ఊహించారు. ఇంతగా అవమానించినవాడు ఓడిపోతాడు, అవమానపడినవాడు బెల్టు ఎత్తుతాడు అని. మార్చి 30న సియాటిల్‌లో జరిగిన రెసిల్‌మేనియాలో ట్రిపుల్ హెచ్ గెలిచాడు. అతను అన్నమాటే నిజమైంది! ఆ రాత అలా రాయవలసిన అవసరం ఎవరికీ లేదు. ఫలితం వాళ్ల చేతిలోనే ఉంది.

ఇప్పుడు మన దేశం సంగతి. దలీప్ సింగ్ రాణా హిమాచల్ ప్రదేశ్ కొండ పల్లె నుంచి వచ్చి, పంజాబ్ పోలీసులో పనిచేసి, 2006లో 'గ్రేట్ ఖలీ'గా ఆ రింగులోకి దిగాడు. 2007లో ప్రపంచ హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు. మనం పొంగిపోయాం. పొంగిపోవడంలో తప్పు లేదు. కాని అతనికిచ్చిన పాత్ర ఏమిటి? భాష రాని రాక్షసుడు. పక్కన ఒక దుబాసీ. అతని పేరు మీద వెదురు బొంగుల బోను కట్టి దానికి 'పంజాబీ జైలు' అని పేరు పెట్టారు. పంజాబులో ఏ జైలు వెదురుతో కట్టారో ఆ రచయితలే చెప్పాలి. జనానికి భయం తగ్గాక అతన్నే నవ్వుల పాత్రగా మార్చారు.

2017 మేలో జిందర్ మహల్ చాంపియన్ అయ్యాడు. అసలు పేరు యువరాజ్ సింగ్ ధేసి, కెనడాలోని కాల్గరీలో పుట్టిన పంజాబీ. భారత మార్కెట్టు కోసమే ఈ ఎంపిక అని అప్పుడు అందరూ అనుకున్నారు. మహారాజు వేషం వేయించారు. అతను మైకు పట్టుకుని పంజాబీలో మాట్లాడగానే అమెరికా హాళ్లలో జనం ఛీ కొట్టాలి. కోట్లమంది తల్లులు పిల్లలను లాలించే భాష అది. దాన్ని ఒక తిట్టులా వాడారు. ఆ సెప్టెంబరులో అదే మహల్ చేత జపాను మల్లుడు షిన్‌సుకే నకమురా ముఖాన్ని, యాసను వెక్కిరించే మాటలు చెప్పించారు. ఒక మూసలో ఇరికించిన మనిషి చేత ఇంకో మూసను విసిరించారన్నమాట. ఈసారి హాలులోని ప్రేక్షకులే ఇది మరీ హద్దు మీరిందని కేకలు వేశారు.

మహల్ చాంపియన్ కావడానికి దాదాపు మూడు నెలల ముందు, 2017 ఫిబ్రవరి 22న, కాన్సాస్ రాష్ట్రం ఓలేతేలో పని ముగించుకుని స్నేహితుడితో కూర్చున్న ఒక తెలుగు ఇంజినీరును కాల్చి చంపారు. స్నేహితుడికీ, అడ్డుపడబోయిన ఒక అమెరికన్‌కూ గాయాలయ్యాయి. ఆ కుటుంబం శోకం మన పత్రికలన్నిటిలో వచ్చింది. కాల్చినవాడు పారిపోయి ఇంకో ఊరి రెస్టారెంటులో ఏమన్నాడో తెలుసా? ఇరానీయులను కాల్చానన్నాడు. హైదరాబాదు నుంచి వెళ్లిన తెలుగువాడు వాడి కంటికి ఇరానీయుడిలా కనబడ్డాడు. వాడు కుస్తీ చూసేవాడని గాని, కుస్తీ వల్ల ఆ హత్య జరిగిందని గాని నేను అనడం లేదు, అలా అనడం అన్యాయం. ఇరానీయుడు ఇరాకీయుడుగా, ఇటలీవాడు అరబ్బుగా చెల్లిపోయిన వినోదం గురించి ఇంతసేపు మాట్లాడుకున్నాం. గోధుమరంగు చర్మం ఉన్నవాళ్లంతా ఒకటేనన్న ఆ చూపు రింగు బయట కూడా ఉంది. అక్కడ దానికి తుపాకి దొరికింది.

ప్రియ పాఠకులారా, ఇది మనకు అర్థం కాని బాధ కాదు. మన పాత తెలుగు సినిమాలు గుర్తుచేసుకోండి. విలన్ పక్కన నిలబడే రౌడీ పేరు రాబర్ట్ లేదా పీటర్. క్లబ్బులో నాట్యం చేసే స్త్రీ పేరు లిల్లీ లేదా రోజీ. మెడలో సిలువ గొలుసు, చేతిలో గ్లాసు. మహా అయితే తెల్లని అంగీ వేసుకుని రెండు మంచి మాటలు చెప్పే ఒక ఫాదరు. ఒక రాబర్ట్ చెడ్డవాడైతే మనకేమీ అభ్యంతరం లేదు. చెడ్డ రాబర్ట్‌లు ఉంటారు. వ్యవసాయం చేసే రాబర్ట్, పిల్లలకు లెక్కలు చెప్పే లిల్లీ తెర మీద కనబడకపోవడమే బాధ. బడిలో ఆ పేరున్న పిల్లలను తోటివారు ఆటపట్టించినప్పుడు "సరదాకే అన్నాం" అన్న సమాధానం మనలో ఎంతమందికి తృప్తినిచ్చింది?

అలాగే మన వాకిలి కూడా ఒకసారి చూసుకోవాలి. కొన్ని సంఘాల క్రిస్మస్ నాటికల్లో నవ్వు పుట్టించవలసిన పాత్రకు శ్రీకాకుళం యాసో, తెలంగాణ యాసో పెడతారు. మంచిగా బోధించే పాత్ర మాత్రం పుస్తకాల భాష మాట్లాడుతుంది. సినిమాల నుంచి అంటుకున్న అలవాటే. రాసేవారికి ఏ దురుద్దేశం ఉండదు. ఆ యాస ఇంటి భాషగా ఉన్న విశ్వాసి వెనక వరుసలో కూర్చుని ఉంటాడు, అంతే.

ఈ రింగులో మార్పు రాలేదని అనలేం. కోఫీ కింగ్‌స్టన్ ఘనాలో పుట్టాడు. 2008లో తెర మీదకు తెచ్చినప్పుడు అతన్ని జమైకావాడన్నారు, ఆ యాసలో మాట్లాడించారు. ఆఫ్రికాలో ఘనా ఎక్కడుందో జనానికి చెప్పడం కష్టమనుకున్నారేమో! రెండేళ్లు తిరగకముందే ఆ యాసను మెల్లగా వదిలించారు. 2019 ఏప్రిల్ 7న రెసిల్‌మేనియాలో అతను డేనియల్ బ్రయన్‌ను ఓడించినప్పుడు ఘనా బిడ్డగానే గెలిచాడు. చిన్న కుమారులు రింగులోకి వచ్చి తండ్రిని కౌగిలించుకున్నారు. జమైకా వేషం తీసేస్తే కార్యక్రమానికి ఏ నష్టమూ రాలేదు. జనం ముందుకంటె ఎక్కువ కేరింతలు కొట్టారు. మూస లేకపోతే కుస్తీ చప్పగా ఉంటుందని వాదించేవారికి నా దగ్గరున్న సమాధానం ఆ రాత్రే.

రెండేళ్ల తర్వాత, 2021లో, కంపెనీ పాత వీడియోలు అమెరికాలో పీకాక్ అనే ఓటీటీ చేతికి వెళ్లాయి. వాళ్లు కొన్ని దృశ్యాలను కత్తిరించారు. వాటిలో ఒకటి 1990 నాటిది. నల్లజాతి మల్లుడు బ్యాడ్ న్యూస్ బ్రౌన్‌తో పోటీకి రోడీ పైపర్ తన శరీరంలో సగానికి నల్లరంగు పూసుకుని వచ్చిన దృశ్యం. దాన్ని తొలగించడం మంచిదే అంటారు కొందరు. నాకు మాత్రం సగం సంతృప్తే. తప్పు ఒప్పుకోవడం వేరు, తప్పు కనబడకుండా చేయడం వేరని సంఘంలో పెరిగినవారికి వేరే చెప్పనక్కర్లేదు. ఆ దృశ్యాన్ని ఉంచి, ఇది ఎందుకు తప్పో రెండు మాటలు ముందు చెప్పి ఉంటే కొత్త తరానికి ఏదైనా తెలిసేది.

పిల్లలు ఈ కుస్తీ చూడకూడదని నిషేధం పెట్టమని తల్లిదండ్రులకు, కాపరులకు నేను చెప్పడం లేదు. నిషేధిస్తే ఫోనులో చూస్తారు. పక్కన కూర్చుని చూడండి. రింగులోకి వచ్చినవాడు ఏ దేశంవాడని చెబుతున్నారు, నిజంగా ఏ దేశంవాడు, అతన్ని చెడ్డవాడని అనుకోవడానికి జెండా తప్ప ఇంకేదైనా కారణం చూపించారా, ఈ కథ ఎవరిని గెలిపించింది అని అడగండి. పిల్లలు చాలా తెలివైనవాళ్లు, మనకంటె త్వరగా పసిగడతారు. కమలా పాత వీడియోలు చూసి నవ్వుకునే కుర్రాళ్లలో అతని పేరు జేమ్స్ హారిస్ అని, అతనిది మిసిసిపీ అని తెలిసినవారు ఎంతమంది ఉంటారు? యౌవనస్థుల కూటంలో ఈ వారం అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు. జనానీ లువుమ్ గురించి చెప్పడానికి కూడా అదే వీలు కల్పిస్తుంది.